బ్రేకు ప్యాడ్లు: ట్రాకుకో లెక్క, పెద్దమందడికో లెక్క

కార్ల గురించి మన సాఫ్ట్‌వేరు జనాలం మాట్లాడుకునేదంతా ఎంతసేపూ ముందుకు పోవడం గురించే. ఎన్ని హార్స్‌పవర్లు, టర్బో ఉందా లేదా, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు. వంద నుంచి సున్నాకి ఎంత దూరంలో వస్తుంది అని అడిగినవాణ్ణి మా ఆఫీసు క్యాంటీన్లో నేనింతవరకూ చూడలేదు. కొత్త కారు కొన్నవాడు అలాయ్ వీల్స్ చూపిస్తాడు, సన్‌రూఫ్ చూపిస్తాడు. చక్రం సందులోంచి తొంగి చూస్తే కనపడే ఆ రెండు అరచేతులంత ముక్కల్ని ఎవడూ చూపించడు. పెళ్ళాం పిల్లల్ని కూర్చోబెట్టుకుని హైవే ఎక్కేది వాటి ధైర్యంతోనే అయినా సరే.

నాకు ఈ ప్యాడ్ల పిచ్చి పట్టడానికి ఓ కారణముంది. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళ రేసు ట్రాకు ఉంది. 1990లో మొదలైంది, చుట్టుకొలత మూడు కిలోమీటర్ల ఏడువందల మీటర్ల చిల్లర. సొంత కారు తీసుకెళ్ళి, హెల్మెట్ పెట్టుకుని, డబ్బు కట్టి, ఎదురుగా ఆటో గానీ ఆవు గానీ రాదన్న భరోసాతో నడుపుకునే ట్రాక్ డేలు అప్పుడప్పుడూ జరుగుతుంటాయి. ఈసారి వెళ్ళి తీరాలని కూర్చున్నాను. ఇంట్లో చెబితే మా అమ్మ ఒకటే ప్రశ్న వేసింది: "తిరిగి తిరిగి మల్ల ఆడికే వస్తరంట గదరా, దానికి పైసలు గడతరా?" ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. కాబట్టి జవాబున్న ప్రశ్నకి వద్దాం.

ఉన్నది ఒకటే కారు, ఐదేళ్ళ పాత చిన్న హ్యాచ్‌బ్యాక్. వారమంతా గచ్చిబౌలి ట్రాఫిక్కులో పాకుతుంది. నెలకి రెండుసార్లు వనపర్తి జిల్లా పెద్దమందడికి, అంటే మా ఊరికి పోతుంది. ఏడాదికోసారి ఇంటిల్లిపాదినీ శ్రీశైలం తీసుకెళుతుంది. ఇప్పుడు ట్రాకు కూడా తిరగాలంటోంది. వీటన్నిటికీ కలిపి ఏ ప్యాడ్లు వెయ్యాలి?

ముందు ప్యాడు చేసే పనేమిటో చూద్దాం. అది కారుని ఆపదు, వేగాన్ని వేడిగా మారుస్తుంది. ఇంటర్లో చదివిన సగం ఎమ్ వీ స్క్వేర్ ఇక్కడ పనికొస్తుంది. టన్ను బరువున్న కారు వంద కిలోమీటర్ల వేగంతో పోతుంటే అందులో ఉండే శక్తి సుమారు 386 కిలోజౌళ్ళు. ముప్పై డిగ్రీల నీళ్ళని లీటరుంపావు పైన మరిగించడానికి అది చాలు. అంటే మీరు హైవే మీద ఒకసారి గట్టిగా బ్రేకు తొక్కి ఆగితే పది మందికి టీ పెట్టేంత వేడి కొన్ని సెకన్లలో ఆ డిస్కుల్లోకి పోయినట్టు. అదే నూటయాభైలో ఉంటే శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు. ట్రాకు మీద నూటయాభై నుంచి యాభైకి తగ్గించారంటే, బండి ఆగకపోయినా, వంద నుంచి పూర్తిగా రెండుసార్లు ఆగినంత వేడి పుడుతుంది. అలాంటి మలుపులు ఒక చుట్టులో మూడో నాలుగో ఉంటే, చుట్టుకి రెండు మూడు నిమిషాలు పడితే, పావుగంట ఆపకుండా తిరిగితే ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. డిస్కు చల్లారేలోపు తర్వాతి మలుపు వచ్చేస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఒక రిక్వెస్టు అయ్యేలోపు పది వచ్చి క్యూలో నిలబడటం.

ఇక్కడ చాలామందికున్న భ్రమ ఒకటుంది. ఖరీదైన ప్యాడ్లు వేస్తే కారు తొందరగా ఆగుతుందనుకుంటారు. ఒక్కసారి ఆగడానికైతే అది నిజం కాదు. బాగున్న కంపెనీ ప్యాడ్లు చక్రాన్ని బిగించి పట్టి ఏబీఎస్ పనిచేసేదాకా తీసుకెళ్ళగలుగుతున్నాయంటే, అక్కడి నుంచి హద్దు ప్యాడుది కాదు, టైరుది. రోడ్డుకి అంటుకున్నది టైరే కదా. మంచి పొడి రోడ్డు మీద వంద నుంచి ఆగడానికి సుమారు యాభై మీటర్లు పడుతుందనుకుంటే, మన కాలు బ్రేకు మీదికి చేరడానికి పట్టే ఒక్క సెకనులో బండి ఇంకో ఇరవై ఎనిమిది మీటర్లు పోతుంది. కాబట్టి డబ్బులు దండిగా ఉంటే ముందు టైర్లు మార్చండి. ఫోను పక్కన పెట్టండి, దానికి డబ్బులు కూడా అక్కర్లేదు. ప్యాడ్ల గొప్పతనం తెలిసేది మొదటిసారి ఆగినప్పుడు కాదు, పదోసారి ఆగినప్పుడు.

ఆ పదోసారి ఏమవుతుందంటే, మామూలు ప్యాడులోని రకరకాల పొడుల్ని కలిపి పట్టుకునేది ఒక రెజిన్. హద్దు దాటి వేడెక్కితే ఆ రెజిన్ కాలి ఆవిరి వదులుతుంది, రాపిడి పడిపోతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, బలంగా తొక్కినా బండి మాత్రం ఆగనంటుంది. దీన్నే ఫేడ్ అంటారు. ట్రాకు ప్యాడ్లు ఈ వేడిని తట్టుకునేలా చేస్తారు. లోహం పాలు ఎక్కువ, మిశ్రమమే వేరు. రోడ్డు ప్యాడు చేతులెత్తేసే చోట అవి అప్పుడే పనిలోకి దిగుతాయి. అంతా బాగానే ఉంది, మరి అవే వేసేసుకుంటే పోలా?

పోదు. అవి చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టవు. వేడెక్కితేనే పట్టేలా చేసిన ముక్క, చల్లగా ఉన్నప్పుడు డిస్కుని పట్టుకోవడం మానేసి ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. కీచుమంటుంది, నల్లటి దుమ్ము పోస్తుంది, డిస్కుని తినేస్తుంది. చప్పుడుని భరించొచ్చు, దుమ్ముని కడుక్కోవచ్చు. కానీ ఆ మొదటి బ్రేకు సంగతి వేరు.

మా ఊరి దారి చెబితే మీకర్థమవుతుంది. శంషాబాద్ దాటాక షాద్‌నగర్, జడ్చర్ల, భూత్పూర్, అడ్డాకుల దాకా నలభై నాలుగో నంబరు హైవే. మనం చిన్నప్పుడు ఏడో నంబరు అనుకున్నదే, 2010లో నంబరు మారింది. హైవే ఎక్కాక అరగంట దాకా బ్రేకుతో పనే పడదు. ఆ అరగంటా గాలి తగిలి డిస్కులు చల్లగా అయిపోతాయి. సరిగ్గా అప్పుడు డివైడర్ సందులోంచి ఒక ట్రాక్టరు అడ్డంగా వస్తుంది, లేదా రాంగ్ రూటులో బైకు మీద ముగ్గురు. ఇక హైవే దిగి ఊరి రోడ్డు పట్టాక చూడాలి. కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, వాటి చుట్టూ రాళ్ళు పెట్టి ఉంటాయి. నీళ్ళొచ్చి వరి పెరిగింది, కల్లాలు మాత్రం పెరగలేదు, రైతుని ఏమనగలం. మిగిలిన సగంలో మేకల మంద, బర్రెలు, ఎదురుగా ఆర్టీసీ బస్సు. వడ్ల గింజల మీద టైరు ఎలా జారుతుందో నడిపినవాళ్ళకి తెలుసు. ఇక్కడ కావలసింది అయిదువందల డిగ్రీల దగ్గర పట్టే ప్యాడు కాదు. ఉదయం ఆరింటికి, మంచులో, మొదటి తొక్కుకే, రోజూ ఒకేలా పట్టే ప్యాడు.

మరి కొనేముందు ఇది ఎలా తెలుసుకోవాలి? కొన్ని ప్యాడ్ల అంచు మీద రెండు అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. ఎఫ్ఎఫ్ అనో, జీజీ అనో. అమెరికా ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన గుర్తులివి. మొదటి అక్షరం మామూలు రాపిడి, రెండోది వేడి మీద రాపిడి. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55, హెచ్ అంటే ఆ పైన. ఈఎఫ్ కన్నా ఎఫ్ఎఫ్, దాని కన్నా జీజీ గొప్పది అని మనవాళ్ళు ర్యాంకులు కట్టేస్తారు. ఇక్కడే మెలిక ఉంది. ఆ మామూలు అక్షరం కోసం కొలిచే వేడి సుమారు 93 నుంచి 204 డిగ్రీల మధ్య. అంటే పెద్దమందడి రోడ్డు మీద పొద్దున్నే తొక్కే మొదటి బ్రేకు ఆ పరీక్షలో లేనే లేదు! పైగా అది అంగుళం ముక్కని ల్యాబులో డ్రమ్ముకి రాసి చేసే పరీక్ష, మీ కారులో చేసింది కాదు. బెంచ్‌మార్కు చూసి సర్వరు కొని, తీరా ప్రొడక్షన్లో లోడు వేరేలా ఉందని తల పట్టుకున్నవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. అక్షరాలు చూడండి, కానీ ఆ ప్యాడు ఎంత వేడి నుంచి ఎంత వేడి దాకా పనిచేస్తుందని తయారీదారు చెప్పాడో అది ముఖ్యంగా చూడండి. మొదటి అంకె పెద్దగా ఉంటే అది రోడ్డుకి పనికిరాదు, అంతే.

అసలు ఈ ప్యాడ్ల కథ మొదలైందే బళ్ళతో. ఇంగ్లండులో డెర్బీషైర్ కొండల్లో గుర్రపు బళ్ళవాళ్ళు దిగుడులో బండి ఆపడానికి చెక్క బ్రేకుకి పాత బూట్ల తోలు తగిలించడం హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన చూశాడు. అక్కడి నుంచి ప్రయోగాలు చేసి 1897లో పెట్టిన సంస్థే ఫెరోడో. తర్వాత చాలాకాలం ప్యాడ్లలో ఆస్బెస్టాస్ వాడారు, ఊపిరితిత్తులు పాడవుతాయని తేలాక చాలా దేశాలు మానేశాయి. ఇక డిస్క్ బ్రేకు పేరు మోగింది రేసులోనే. 1953లో జాగ్వార్ సీ-టైప్ కారు డిస్క్ బ్రేకులతో ల మాన్ రేసు గెలిచింది. ఇవాళ మన హ్యాచ్‌బ్యాక్ ముందు చక్రాలకి ఉన్నది దాని మనవడే.

మన ఊరి ముచ్చట కూడా ఒకటుంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మామూలు రోజుల్లో మనం హారన్లు కొట్టుకుంటూ తిరిగే రోడ్డే ఆ రోజు ట్రాకు అయింది. ఆ కార్లలో విశేషమేమిటంటే, వెనక చక్రాలకి మామూలు పద్ధతి బ్రేకులు అక్కర్లేకుండా డిజైను చేశారు. మోటారే వెనక్కి పనిచేసి ఆపుతుంది, ఆ శక్తి మళ్ళీ బ్యాటరీలోకి పోతుంది. మనం టీ నీళ్ళు మరిగించి పారబోస్తున్నదాన్ని వాళ్ళు దాచుకుంటున్నారన్నమాట. మన రోడ్ల మీది ఎలక్ట్రిక్ కార్లలోనూ ఇదే సూత్రం. వాటిలో ప్యాడ్లకి పని తక్కువై, వానాకాలంలో డిస్కులు తుప్పు పడుతుంటాయి. అందుకని అలాంటి కారున్నవాళ్ళు అప్పుడప్పుడూ కావాలని గట్టిగా బ్రేకు తొక్కి తుప్పు వదిలించడం మంచిది.

ఇక శ్రీశైలం. రోడ్డుకీ ట్రాకుకీ మధ్యలో నిలబడేది ఇదే. నాగర్‌కర్నూలు, అచ్చంపేట మీదుగా మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమల్లోకి వెళ్ళి, చివర్లో కృష్ణ దగ్గరికి దిగే ఘాటు. లెక్క ప్రకారం టన్ను కారు వంద మీటర్ల ఎత్తు దిగితే 981 కిలోజౌళ్ళు ఎక్కడికో అక్కడికి పోవాలి. వంద స్పీడు నుంచి రెండున్నర సార్లు ఆగినంత అది. పైగా స్పీడు తక్కువ కాబట్టి గాలి తగలదు, చల్లారదు. లోపల ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా పులిహోర డబ్బాలు. మరి ట్రాకు ప్యాడ్లు వెయ్యాలా? కొత్తకోటలో మా మెకానిక్ అన్ననడిగితే నవ్వాడు. "గేరు తగ్గియ్యి తమ్మీ. సెకండుల ఏసి ఇంజన్‌తోని ఆపుకో. బ్రేకు బతుకుతది. ప్యాడ్లకు ఎందుకు పైసలు పెడతవు?" లారీల వాళ్ళు తరతరాలుగా చేస్తున్నది ఇదే. ఘాటుకి మంచి కంపెనీ ప్యాడ్లు, రెండో గేరు చాలు. పెడల్ మీద కాలు ఆనించి ఉంచకుండా, గట్టిగా తొక్కి తగ్గించి మళ్ళీ వదిలెయ్యాలి.

ప్యాడ్ల గురించి ఇంత మాట్లాడేవాళ్ళు కూడా బ్రేకాయిల్ని మర్చిపోతారు. ఇది గాలిలోని తేమని పీలుస్తుంది. కొత్త డాట్ 3 మరిగేది కనీసం 205 డిగ్రీల దగ్గరైతే, నీరు పట్టాక 140కి పడిపోతుంది. డాట్ 4కి 230, 155. డాట్ 5.1కి 260, 180. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ స్పాంజిలా లోపలికి పోతుంది. గుర్తుపెట్టుకోండి: పెడల్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే ప్యాడు వేడెక్కినట్టు, పెడల్ మెత్తగా కిందికి పోతే ఆయిల్ మరిగినట్టు. రెండు వానాకాలాలు దాటిన ఆయిల్‌తో ట్రాకు ఎక్కితే ఎంత ఖరీదైన ప్యాడైనా కాపాడలేదు. డాట్ 5 మాత్రం సిలికాన్, మన కార్లలో పొయ్యకూడదు. 5.1 వేరు, 5 వేరు.

మా టీములో ఒకడున్నాడు, నాకన్నా పెద్ద కార్ల పిచ్చోడు. వాడి సలహా సూటిగా ఉంది. "మధ్యరకం ప్యాడ్లు వేసుకో, రోడ్డుకీ ట్రాకుకీ పనికొస్తాయి, ఒక సెట్టుతో అయిపోతుంది, మొదటి రెండు కిలోమీటర్లు కాస్త జాగ్రత్తగా ఉంటే చాలు." సలహాలో తప్పేం లేదు. ఒంటరిగా ఉండి, తన కారు తనే నడుపుకునేవాడికి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. నా అభ్యంతరమంతా ఆ చివరి ముక్క మీదే. జాగ్రత్తగా ఉండాల్సింది ఎవరు?

ఊళ్ళో కారు పెట్టామంటే అది మన ఒక్కరి కారు కాదు, వాడకట్టు కారు. రాత్రిపూట ఎవరికి గుండెలో నొప్పొచ్చినా, ఎవరి కోడలికి నొప్పులొచ్చినా మా ఇంటి తలుపే కొడతారు. నేను పడుకునుంటే నన్ను లేపరు కూడా. మా నాయిన తాళంచెవి తీసుకుని వాళ్ళని ఎక్కించుకుని వనపర్తి ఆసుపత్రికి బయల్దేరతాడు. ఆయన డ్రైవింగు నేర్చింది ట్రాక్టరు మీద. ప్యాడ్లలో రకాలుంటాయని, వేడెక్కాకే పట్టేవి ఉంటాయని ఆయనకి చెప్పి చూశాను. శ్రద్ధగా విని, "తొక్కితే ఆగాలె. ఆగకుంటె అది బ్రేకెట్లయితదిరా?" అన్నాడు.

ఇంతకన్నా మంచి స్పెసిఫికేషన్ నేను ఏ డాక్యుమెంటులోనూ చదవలేదు. బ్రేకు పెడల్ ఒక ఇంటర్‌ఫేసు. దాన్ని తొక్కేవాడికి వెనక ఏముందో తెలియక్కర్లేదు, తెలియదు కూడా. తొక్కినంతకి తగ్గట్టు ఆగుతుందన్నది ఒప్పందం. మొదటి రెండు కిలోమీటర్లు జాగ్రత్త అనే షరతు నా బుర్రలో మాత్రమే ఉండి, వెనక సీట్లో నొప్పులు పడుతున్న మనిషితో చీకట్లో పోయే మా నాయినకి తెలియకపోతే, అది షరతు కాదు, గొయ్యి. నా సరదాకి వాడకట్టు మొత్తం బీటా టెస్టర్లు కాకూడదు.

కాబట్టి నేను తేల్చుకున్నది ఇది. కారుకి ఎప్పుడూ ఉండేవి కంపెనీ ప్యాడ్లే. ట్రాకు ప్యాడ్లు విడిగా ఒక సెట్టు. శ్రీపెరంబుదూరు దాకా కంపెనీ ప్యాడ్లతోనే పోయి, అక్కడ ప్యాడాక్‌లో చక్రాలు విప్పి మార్చుకుంటాను. ముందు రెండు చక్రాలకి గంట పని. సాయంత్రం డిస్కులు చల్లారాక మళ్ళీ పాతవి వేసి, పెడల్ నాలుగుసార్లు పంపు చేసి గట్టిపడిందో లేదో చూసుకునే బయటికి రావాలి. ప్యాడు తన పొర ఒకటి డిస్కు మీద వదులుతుంది, రెండు రకాల పొరలు కలిస్తే పట్టు దెబ్బతింటుంది. అందుకని వీలైతే డిస్కులు కూడా రెండో జత ఉండటం మేలు. ఖర్చు పెరిగింది నిజమే. ఆ మేరకి ట్రాక్ డే ఒకటి తగ్గించుకుంటాను.

మీలో ఎవరైనా ప్యాడ్లు మార్చే ఆలోచనలో ఉంటే ఇంకొన్ని ముక్కలు:

కొత్త ప్యాడ్లు వెయ్యగానే వాటిని డిస్కుకి అలవాటు చెయ్యాలి. ఖాళీ రోడ్డు మీద అరవై నుంచి పది దాకా మోస్తరుగా తొక్కుతూ, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు చెయ్యండి. తర్వాత పదినిమిషాలు బ్రేకు తొక్కకుండా నడిపి చల్లారనివ్వండి. ప్యాడ్లవాడు వేరే పద్ధతి చెబితే అదే పాటించండి.

ట్రాకు మీద నుంచి వచ్చాక హ్యాండ్ బ్రేకు లాగకండి. గేరులో పెట్టి చక్రం కింద రాయి పెట్టండి.

మెకానిక్కు గాలి పైపుతో బ్రేకు దుమ్ము ఊదబోతే ఆపండి. తడిగుడ్డతో తుడవమనండి. ఆ దుమ్ము పీల్చేది ముందు అతనే, తర్వాత పక్కన నిలబడ్డ మనం.

సగం ధరకి ఒరిజినల్ ఇస్తానన్నవాడి దగ్గర కొనకండి. నగరంలో ఒక దుకాణంలో నాకూ చూపించారు. డబ్బా మీద పేరు సరిగ్గానే ఉంది, ప్యాడు మీద మాత్రం ఏ గుర్తూ లేదు. దండం పెట్టి వచ్చేశాను.

బైకులకీ ఇదే వర్తిస్తుంది. ట్రాకుకని చేసిన ప్యాడ్లు ట్రాఫిక్ సిగ్నళ్ళకి పనికిరావు. బైకుకి రెండే చక్రాలు కాబట్టి ఇంకా జాగ్రత్త.

ట్రాకు ప్యాడ్లకి ఆర్డరిచ్చాను, డాట్ 4 కొత్త ఆయిల్ పోయించాను. ఆ ప్యాడ్ల డబ్బా మాత్రం హైదరాబాదు గదిలోనే ఉంటుంది. పెద్దమందడికి పోయేటప్పుడు అది డిక్కీలో కూడా ఉండదు.